గ్రాఫులో లేని పద్నాలుగు సున్నాలు

2019 జనవరి 22, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు స్వప్న తన లాప్‌టాప్ చంకలో పెట్టుకుని నా గదిలోకి వచ్చింది. పదీ నలభై అయిదుకు నవ్వుతూ వెళ్లిపోయింది. ఆ ఇరవై అయిదు నిమిషాల్లో నేను చేసిన పని నా ఉద్యోగ జీవితం మొత్తంలో అన్నిటికంటే పెద్ద తప్పు. చేస్తున్నప్పుడు నాకు అలా అనిపించలేదు. రిజిస్టరులో "పరిష్కారమైంది" అని రాసి, టిక్కు పెట్టి, టీ తాగడానికి వెళ్లాను.

స్వప్న మా సంస్థలో పరిశోధక విద్యార్థిని. శామీర్‌పేట మండలంలో తమ ఊరి చెరువు నీటిలో ప్రాణవాయువు ఎంత ఉందో గంటగంటకూ కొలిచేది. ఆ చెరువు మీద బతికే మత్స్యకార సంఘంలో అరవై రెండు కుటుంబాలున్నాయి. ఆమె తండ్రి మల్లేశానిదీ అందులో ఒకటి. ఆ ఏడు పైనున్న కాలనీల మురుగు చెరువులోకి దిగుతోంది. చేపలు సగమే ఎదిగాయి. వాటిని వెంటనే పట్టి అమ్ముకోవాలా, మార్చి ఆఖరు దాకా ఆగి పూర్తిగా ఎదగనివ్వాలా అన్నది సంఘం ముందున్న ప్రశ్న. స్వప్న తెచ్చే గ్రాఫు చూసి తేల్చుకుందామని వాళ్లు ఆగారు. ఆ గ్రాఫు నా చేతుల మీదుగా వెళ్లింది.

ఇది మా పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, సర్క్యులర్ల సంగతి మీకే తెలుస్తుంది. అవి రాయను.

అసలు పని ఏమిటి

నా ఉద్యోగం పేరు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. మచ్చ బొల్లారంలో బస్సెక్కి, హకీంపేట, తూముకుంట మీదుగా శామీర్‌పేట దాటి వెళ్లేదాన్ని. బయటివాళ్లకు నేను కంప్యూటర్లు చూసుకునే ఆవిడను. చివరి పదేళ్లూ మాత్రం నా పనిలో సగానికి పైగా ఒక్కటే: గ్రాఫులు గీసే లైబ్రరీ ఒకరి మెషీన్‌లో పని చేస్తుంది, ఇంకొకరి మెషీన్‌లో చెయ్యదు. లైబ్రరీ అంటే ఎవరో ముందే రాసి పెట్టిన కోడు. మనం అంకెలిస్తే అది బొమ్మ గీస్తుంది. అది సరిగ్గా కుదురుకోకపోతే నెలల కొద్దీ చేసిన కొలతలు అంకెలుగానే పడి ఉంటాయి.

ప్రతి కేసూ రిజిస్టరులో రాసేదాన్ని. తేదీ, మెషీన్, వెర్షన్, వచ్చిన ఎర్రర్, చేసిన వైద్యం, పట్టిన నిమిషాలు. పదకొండు రిజిస్టర్లు నా దగ్గరే ఉన్నాయి. మొత్తం 2,318 కేసులు.

మొదట్లోనే పాఠం నేర్పిన కేసు ఒకటి చెప్తాను. ఒక విద్యార్థి లైబ్రరీని తొమ్మిదిసార్లు ఇన్‌స్టాల్ చేశాడు. చేసిన ప్రతిసారీ "అయింది" అని వచ్చేది. ప్రోగ్రాం నడిపితే "అలాంటి లైబ్రరీ లేదు" అని వచ్చేది. కుర్చీ మార్చుకుని కూడా చూశానన్నాడు. అతని మెషీన్‌లో ప్రోగ్రాంలను నడిపే పైథాన్‌లు రెండున్నాయి. ఒకదాంట్లో ఇన్‌స్టాల్ చేస్తూ, రెండోదాన్ని నడుపుతున్నాడు. ఒక గదికి సున్నం వేసి పక్క గదిలో కూర్చుని గోడలు మాసిపోయి ఉన్నాయేమని అడిగినట్టు. ఆ రోజు నుంచీ ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న "ఏది నడుస్తోంది?" అన్నదే. మీరు కూడా అదే అడగండి.

సర్వర్ విషయంలో నాలుగు రోజులు పోగొట్టుకున్నాను. సర్వర్‌కు తెర ఉండదు. లైబ్రరీ మాత్రం బొమ్మ చూపించడానికి తెర మీద కిటికీ తెరవబోయి ప్రతిసారీ పడిపోయేది. తెర అడగకుండా బొమ్మను నేరుగా ఫైలులో పెట్టమని ఒక్క సెట్టింగు రాస్తే సరిపోయేది. ఎర్రర్ మొత్తం చదవకుండా అలవాటుగా మధ్యలో రెండు లైన్లు చూసి నాలుగు రోజులు వేరే చోట తవ్వాను.

మరొకసారి ఒక పరిశోధకురాలు ఊళ్ల పేర్లు తెలుగులో ఉండేలా గ్రాఫు కావాలంది. అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వచ్చాయి. ఫాంటు పెట్టాక అక్షరాలు వచ్చాయి గానీ ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి. రెండు పూటలు చూసి, ఇంగ్లీషులో రాసుకోమన్నాను. ఆమె అలాగే రాసుకుంది. ఇంకో పూట కూర్చోవలసింది.

ఇన్ని కేసులు చూశాక నాకొక పద్ధతి కుదిరింది. పని చేస్తున్న మెషీన్‌లో ఏముందో చూడు, చెయ్యని మెషీన్‌లో అదే పెట్టు. రెండూ ఒకలాగే అయితే కేసు ముగిసింది. వందలాది మందికి ఈ పద్ధతితోనే పని చేసి పెట్టాను. స్వప్న విషయంలోనూ ఇదే వాడాను.

మా డిపార్ట్‌మెంటు ఆచారం

మా విభాగాధిపతి చెడ్డవారు కాదు. ఆయనకు అన్ని గ్రాఫులూ ఒకే తీరున ఉండాలి. చెరువుల మీద వచ్చే ప్రతి గ్రాఫూ లాగ్ స్కేలు మీదే గీయాలని ఆయన నియమం. మామూలు స్కేలు మీద గీతలు ఒకటి, రెండు, మూడు అని సమానంగా పెరుగుతాయి. లాగ్ స్కేలు మీద ఒకటి, పది, వంద అని పదింతలుగా పెరుగుతాయి. లక్షల్లో ఉండే బ్యాక్టీరియా లెక్కకు అది సుఖం. ఒకటీ పదీ మధ్య తిరిగే ప్రాణవాయువుకు దాని అవసరం లేదు. ఆ మాట ఆయనతో ఒకసారి అన్నాను.

"సుభద్ర గారూ, గోడ మీద అయిదు పటాలు పెడితే అయిదూ ఒకే ఫ్రేములో ఉండాలా, వద్దా?" అన్నారు.

ఉండాలన్నాను. ఊరుకోవడమే కాదు, ఆ నియమం ఎవరూ మరిచిపోకుండా ఒక సెట్టింగుల ఫైలు రాసి అందరి మెషీన్లలో పెట్టాను. దాన్ని పిలిస్తే చాలు, ఫాంటు, రంగులు, లాగ్ స్కేలు అన్నీ వాటంతట అవే వచ్చేస్తాయి. విద్యార్థులు సంతోషించారు. గ్రాఫు ఏ స్కేలు మీద ఉండాలో ఆలోచించే పని వాళ్లకు తప్పించాను. అది మేలు చేయడమనుకున్నాను.

రెండో సంగతి వెర్షన్. 2017లో ఒకసారి లైబ్రరీని కొత్తదానికి మార్చాను. రాత్రికి రాత్రే అందరి గ్రాఫుల రంగులూ మారిపోయాయి. ఒకమ్మాయి సిద్ధాంత గ్రంథంలో సగం బొమ్మలు ఒక రంగులో, సగం మరో రంగులో వచ్చాయి. మూడు వారాలు మాటలు పడ్డాను. పాతదాన్నే తిరిగి పెట్టి, ఇక కదపనని ఒట్టు పెట్టుకున్నాను. ల్యాబ్‌లో ఉన్న వెర్షనే సొంత లాప్‌టాప్‌లలో కూడా పెట్టుకోవాలని నోటీసు బోర్డు మీద రాశాను. మాటలు పడాల్సి వస్తుందన్న భయాన్ని జాగ్రత్త అని పిలుచుకున్నాను. ఈ రెండిటికీ తేడా తెలియడానికి నాకు ఉద్యోగం చివరిదాకా పట్టింది.

ఇరవై అయిదు నిమిషాలు

"జర పరేషాన్ల ఉన్న మేడం. గీ రెండు గ్రాఫులు సూడుండ్రి" అంది స్వప్న.

ల్యాబ్‌లో గీసినది కాగితం మీద తెచ్చింది. లాప్‌టాప్‌ది తెర మీద చూపించింది. కాగితం మీద గంటకో చుక్క కలిపిన గీత పగలు పైకి, రాత్రి కిందికి అలలా వెళ్తోంది. తెల్లవారుజామున కొన్ని చోట్ల తెగి, ఖాళీ వదిలి, మళ్లీ మొదలవుతోంది. లాప్‌టాప్‌లో సరిగ్గా ఆ ఖాళీల దగ్గరే గీత నిట్టనిలువుగా పడిపోయి బొమ్మ అడుగు దాటి పోతోంది.

"ఫైలొక్కటే, కోడొక్కటే. ఇంట్ల ఒక తీరు, ల్యాబ్‌ల ఒక తీరు వస్తాంది. ఏది నిజం మేడం?"

"లాప్‌టాప్‌లో ఏ వెర్షన్ పెట్టావు?"

"కొత్తది."

"ల్యాబ్‌లో ఉన్నదే పెట్టుకోమని బోర్డు మీద రాశాను కదా."

"గా బోర్డు మీద క్యాంటీనోళ్లు టిఫిన్ల లిస్టు అంటిచ్చిండ్రు మేడం. మీ వెర్షన్ ఉప్మా కిందికి వొయింది."

నాకు నవ్వొచ్చింది. కుర్చీ చూపించి, లాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను.

"మరి ల్యాబ్‌దాంట్ల గీ ఖాళీలేంది?" అని అడిగింది.

"నీ సెన్సర్ బ్యాటరీ పోయిన గంటలు లేవా?"

"ఉన్నయి. తొమ్మిది గంటలు."

"అవే."

"కొత్తదాంట్ల కిందికెందుకు వడ్తాంది మరి?"

"కొత్త వెర్షన్‌లలో బగ్గులుంటాయి. అందుకే నేను పెట్టను."

ఈ మాట అనే ముందు నేను ఫైలు తెరవలేదు. ఖాళీలు ఎన్నో లెక్కపెట్టలేదు. లాప్‌టాప్‌లోని కొత్త వెర్షన్ తీసేసి పాతది పెట్టాను. మళ్లీ నడిపితే ల్యాబ్‌ బొమ్మే అచ్చంగా వచ్చింది.

"అమ్మయ్య. ఆదివారం సంఘం మీటింగుల గిదే జూపెట్టాలె. బాపోళ్లు నా కోసమే ఆగిండ్రు మేడం. లేకుంటే గీ వారమే వలలేద్దురు."

"ఆగమను. గ్రాఫు చక్కగా ఉంది" అన్నాను.

చేపల గురించి నాకేమీ తెలియదు. గ్రాఫు చక్కగా ఉందంటే, రెండు మెషీన్లలో ఒకేలా ఉందని మాత్రమే నా ఉద్దేశం. ఆ పిల్లకు అది వేరేగా వినిపించి ఉంటుంది. ఆ రోజు రిజిస్టరులో ఇలా ఉంది: "రెండు మెషీన్లలో బొమ్మ వేరు. లాప్‌టాప్‌లో వెర్షన్ తగ్గించాను. ఇప్పుడు ఒకటే. 25 ని. పరిష్కారమైంది."

శుక్రవారం విభాగాధిపతి కూడా ఆ గ్రాఫు చూశారు. గీతలో అతి తక్కువ విలువ రెండు దగ్గర ఉంది. చేపలు ఇబ్బంది పడతాయి గానీ చావవు అన్నారు. ఖాళీలు సెన్సర్‌వే అన్నారు.

సంఘం మీటింగు

జనవరి 27 ఆదివారం జరిగిన మీటింగులో నేను లేను. తరువాత మల్లేశం చెప్పింది రాస్తున్నాను.

స్వప్న గ్రాఫు గోడకు అంటించి వివరించింది. ఒక ముసలాయన లేచి, "పొద్దుగాల చాపలు మీదికొచ్చి నోర్లు దెరుస్తున్నయి. ఏమన్న పాటలు వాడుతున్నయా గవి?" అన్నాడట. అందరూ నవ్వారు.

"నా బిడ్డ ఇరవై ఒక్క దినం గంటగంటకు లెక్కవట్టింది. నీ కండ్లకంటె మిషినికి ఎక్వ తెల్వదా తాతా?" అన్నది మల్లేశమే.

"తెలుస్తది తియ్. నాకు కండ్లు గూడ సరిగ లెవ్వు" అని ముసలాయన కూర్చున్నాడు. మార్చి ఆఖరు దాకా ఆగుదామని తీర్మానం చేశారు.

ఫిబ్రవరి 13

పదకొండు, పన్నెండు తేదీల్లో మబ్బు పట్టింది. ఎండ లేకపోతే నీటిలోని నాచు ప్రాణవాయువును తయారు చెయ్యదు, రాత్రంతా పీల్చుకుంటూనే ఉంటుంది. పదమూడు, బుధవారం ఉదయం ఎనిమిదీ అయిదుకు నేను బస్సులో ఉండగా స్వప్న ఫోన్ చేసింది.

"మేడం, చెరువంత తెల్లగైంది."

నేను వెళ్లేసరికి కట్ట మీద ఆడవాళ్లు తట్టలతో నిలబడి ఉన్నారు. బొచ్చె, రవ్వు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. బతికి కదులుతున్నవి కొర్రమీనులే. అవి పైకి వచ్చి మనలా గాలి పీల్చుకోగలవు. ఎవరూ ఏడవడం లేదు. పెద్ద గుంట తవ్వుతున్నారు. ఎండ ఎక్కకముందే పూడ్చాలని తొందర. సంఘం గుమస్తా ఒక్కో తట్టకు గోడ మీద బొగ్గుతో గీత గీస్తున్నాడు. రెండు వందల పన్నెండు గీతలు.

మధ్యాహ్నం ఆఫీసుకు వెళ్లి జనవరి ఫైలు తెరిచాను. గ్రాఫు గీయలేదు. అంకెల్ని పట్టికగానే, ఒక్కో వరుసా చూశాను. ఇరవై ఒక్క రోజులకు 504 గంటలు. బ్యాటరీ పోయినవి తొమ్మిది. ఫైలులో 495 వరుసలున్నాయి. గ్రాఫులో చుక్కలు లెక్కపెడితే 481. తేడా పద్నాలుగు.

ఆ పద్నాలుగూ సున్నాలు. ఎనిమిది రోజుల్లో, అన్నీ తెల్లవారుజామున అయిదింటివీ ఆరింటివీ. మా పరికరం పాతది. ప్రాణవాయువు ఒక హద్దు కిందికి పడితే కొలవలేక సున్నా అని రాసేది.

లాగ్ స్కేలు మీద సున్నాకు చోటు లేదు. ఒకటి కింద పదో వంతు, దాని కింద వందో వంతు, అలా ఎంత దిగినా సున్నా రాదు. అందుకని పాత వెర్షన్ సున్నాను చెప్పకుండా వదిలేసి గీతను తెంపేది. కొత్త వెర్షన్ గీతను అడుగు దాటేదాకా లాగేది. అందులో బగ్గు లేదు. చూసినవాళ్లు ఉలిక్కిపడి ఇదేమిటని అడగడానికి అదొక్కటే దారి. స్వప్న ఉలిక్కిపడింది, అడిగింది. నేను ఆ ప్రశ్న పుట్టకుండా చేసి పంపించాను.

పట్టిక చూడడం పది నిమిషాల పని. లెక్కలమనిషినని పేరున్న నేను ఆ రోజు లెక్కపెట్టలేదు.

పదకొండు రోజులు

మరునాడు విభాగాధిపతికి అంతా చెప్పాను.

"సెన్సర్ పని చెయ్యని గంటల వల్ల అంచనా తప్పిందని రాద్దాం. మీ పేరూ రాదు, నా పేరూ రాదు" అన్నారు.

"సెన్సర్ పని చేసింది కదండీ."

"సుభద్ర గారూ, మీకింకా రెండేళ్ల సర్వీసుంది."

సంఘానికి నోట్ అలాగే వెళ్లింది. నేను చదివాను. మాట్లాడలేదు. సెన్సర్ చూసుకునేది స్వప్న కాబట్టి ఆ వాక్యం వెళ్లి ఆమె మీద పడింది. ఆమె ల్యాబ్‌కు రావడం మానేసింది. ఫోన్ తీయలేదు. పదకొండో రోజు, ఫిబ్రవరి 24 ఆదివారం, ఆ పట్టికను ప్రింటు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను.

మల్లేశం అరుగు మీద వల మడత పెడుతున్నాడు. స్వప్న గడప దగ్గర నిలబడింది.

"కూసోండ్రి మేడం. చాయ్ తాగుతరా?"

వద్దని, పట్టిక విప్పి పద్నాలుగు గంటలూ చూపించాను. సున్నాల కింద ఎర్ర గీతలు గీసి తీసుకెళ్లాను.

"సున్న అంటే ఏంది, నీళ్లల్ల గాలి లేదన్నట్టా?"

"దాదాపు లేనట్టే."

"అంటె మిషిను గూడ మీటింగుల గా తాత జెప్పిందే జెప్పింది."

"చెప్పింది. నేనే కనబడకుండా చేశాను. స్వప్న తప్పు లేదు. సెన్సర్ తప్పు లేదు."

అతను వల పక్కన పెట్టాడు. "చాపలు వోతయి, మల్ల వస్తయి మేడం. గీ ముచ్చట మొదటి దినమే జెప్తే ఏంబోతుండె? పదకొండు దినాలసంది నా బిడ్డ వాకిలి దాటలె. నీళ్ల కాడికి వోతే అందరు తన దిక్కే సూస్తరని."

స్వప్న నా చేతిలో కాగితం తీసుకుని చూసింది. మెల్లగా అంది.

"నేనడిగిన గద మేడం. ఏది నిజమని."

మార్చి 3 ఆదివారం సంఘం ముందు నిలబడి ఆ పద్నాలుగు గంటలూ తేదీల వారీగా చదివాను. ముసలాయన అంతా విని, "గంతే గద. చాపలు గూడ గదే జెప్పినయి" అన్నాడు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. విభాగాధిపతి నాతో మాట్లాడడం తగ్గించారు. స్వప్న మాత్రం తిరిగి రాలేదు. జూన్‌లో మేడ్చల్‌లో మందుల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే ఉద్యోగంలో చేరింది. బాగానే ఉన్నానని ఒకసారి మెసేజ్ పెట్టింది. చెరువు సంగతి అందులో లేదు.

మీకు చెప్పేది

వెర్షన్లు మారుస్తూ ఉండండి. మార్చినప్పుడు మాటలు పడండి. ఎవరి గ్రాఫు ఏ స్కేలు మీద ఉండాలో మీ సెట్టింగుల ఫైలు నిర్ణయించకూడదు. ఫైలులో ఎన్ని వరుసలున్నాయో, బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయో ప్రతిసారీ లెక్కపెట్టండి. తేడా ఉంటే అది ఏమైందో తెలిసేదాకా కుర్చీలోంచి లేవకండి.

రెండు మెషీన్లు రెండు రకాలుగా చెప్తున్నాయని ఎవరైనా వస్తే, వాటిని ఒకటి చేయడం మీ పని అనుకోకండి. నేను అలాగే అనుకున్నాను. ముందు ఆ మనిషి అడుగుతున్నదానికి జవాబు చెప్పండి. తెలియకపోతే తెలియదనండి. నా రిజిస్టర్లన్నీ మళ్లీ చూశాను. "తెలియదు" అని రాసిన కేసు ఒక్కటీ లేదు.

2021లో రిటైరయ్యే ముందు, జనవరి 22 నాటి పేజీలో "పరిష్కారమైంది" అన్న మాట కొట్టేశాను. దాని కింద ఈ లెక్క రాసి పెట్టాను.

కొలిచిన గంటలు 495.
గ్రాఫులో వచ్చినవి 481.
రానివి 14.
నేను మాట్లాడకుండా ఉన్న రోజులు 11.
పూడ్చిన చేపలు 212 తట్టలు.
ఆ ఏడు పట్టడానికి చేపలు లేని కుటుంబాలు 62.
ఆగిపోయిన పరిశోధన 1.